తూకానికి అమ్మేముందు ఒక్క మాట

మంత్రాలయం చుట్టుపక్కల పల్లెల్లో ఏ గొడ్లకొట్టంలోకి తొంగి చూసినా ఒక మూల పాత మోటారు సైకిలు కనిపిస్తుంది. టాంకు మీద తుప్పు, సీటుకు ఎలుకలు కొట్టిన బొక్కలు, హాండిలు మీద కోళ్లు. అది యెజ్డీ కావచ్చు, రాజదూత్ కావచ్చు, కొంచెం తర్వాతి కాలపుదైతే ఆర్.ఎక్స్. 100 కావచ్చు. ఇంటి పెద్ద బతికి ఉన్నన్నాళ్లు దాన్ని కదిలించనివ్వడు. ఆయన పోయిన ఏడాదికి, కొట్టంలో తావు చాలడం లేదని కొడుకులు గుజిరీ వ్యాపారిని పిలుస్తారు. అతను తూకం వేసి, ఇనుము ధర కట్టి తీసుకుపోతాడు.

ఈ మధ్య మరొక రకం బేరగాళ్లు కూడా వస్తున్నారు. బెంగుళూరు నుంచో, హైదరాబాదు నుంచో వచ్చిన కుర్రవాళ్లు ఫోనులో ఫొటో తీసుకొని, గుజిరీ వాని కంటె ఎన్నో రెట్లు ధర చెప్పుతారు. దానితో మన కుర్రవాళ్లకు కూడా ఆశ పుట్టింది. పక్క ఊళ్లో పాత బండి ఉందంటే చాలు, మంచి చెడ్డ చూడకుండా కొని తెచ్చి, నాలుగు నెలలు కుస్తీ పట్టి, మళ్లీ కొట్టంలోనే పెట్టుతున్నారు.

ఈ రెండూ తప్పే అని నా అభిప్రాయం. బండిని ఇనుము కింద చూడడం ఒక తప్పు. దాన్ని బంగారం కింద చూడడం మరొక తప్పు. కాగితం సరిగా ఉండి, చేతనైన మిస్త్రీ దొరికి, ఇంట్లో నడిపేవాడుంటే అటువంటి బండిని బాగుచేయించి ఉంచుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాని జోలికి పోకూడదు. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. చేతులు కాల్చుకొని నేర్చుకున్నాను కనుక చెప్పుతున్నాను.

బాటలు లేని రోజుల్లో

అమెరికా వంటి దేశాలలో కొండబాటలకు, అడవిబాటలకు పనికివచ్చే ప్రత్యేకమైన మోటారు సైకిళ్లు ఉన్నాయి. వాటిని ట్రయల్ బండ్లు అంటారు. 1968లో జపానుకు చెందిన యమహా కంపెనీ డి.టి. 1 అనే 250 సి.సి. టూ స్ట్రోకు బండిని తెచ్చినప్పటి నుంచి ఈ రకం బాగా ప్రచారంలోకి వచ్చింది. రాళ్లు తగలకుండా పొగగొట్టం పైకి ఎత్తి ఉంటుంది. టైర్లకు పెద్ద పెద్ద గళ్లు ఉంటాయి. ఆ బండ్లు మన పల్లెలకు రాలేదు. వాటి అవసరం మాత్రం మనకే ఎక్కువ ఉండేది.

ఆ పనిని మనకు చేసిపెట్టినవి మైసూరు బండ్లు, ఫరీదాబాదు బండ్లు. మైసూరులోని యాదవగిరిలో ఐడియల్ జావా కంపెనీ 1961లో చెకొస్లొవేకియా నమూనాతో జావా మోటారు సైకిళ్ల తయారీ మొదలుపెట్టింది. తర్వాత 1970లలో అవే యెజ్డీ పేరుతో వచ్చాయి. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఎస్కార్ట్స్ కంపెనీ పోలెండు నమూనాతో చేసిన రాజదూత్, పాలవాళ్లకు, ఆర్.ఎం.పి. వైద్యులకు, పశువుల డాక్టర్లకు చాలాకాలం సొంత కాళ్లలాగా పనిచేసింది. అదే కంపెనీ యమహాతో కలిసి 1985లో తెచ్చిన ఆర్.ఎక్స్. 100 కూడా 1996తోనే ఆగిపోయింది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనది 2000 సంవత్సరం డిసెంబరులో. అంతకు ముందు మన నదీతీరపు పల్లెల్లో చాలావాటికి ఎద్దులబండి బాటే రహదారి. నల్లరేగడి నేల. వాన పడితే బంకమట్టి చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య దట్టించుకొని బండి కదిలేది కాదు. ప్రతి బండివాని దగ్గర ఆ మట్టి గీకడానికి ఒక కట్టెపుల్ల ఉండేది. అయినా ఆ బండ్లు పోయేవి. ఇంజను తక్కువ వేగంలో కూడా బాగా లాగేది. భాగాలు తక్కువ. పాడైతే చెట్టు కింద కూర్చొని విప్పి బిగించవచ్చు.

1983లో భాద్రపద మాసంలో ఒక రాత్రి మా తమ్ముణ్ణి చేనులో పాము కరిచింది. మా ఊరి నుంచి తారు రోడ్డు నాలుగు మైళ్లు. నాలుగు రోజులుగా వాన. ఎద్దులబండి కట్టితే తెల్లవారేది. ఊళ్లో ఒకే ఒక మోటారు సైకిలు ఉండేది. అది నేను మామ అని పిలిచే ఒక పెద్దాయన 1974లో కొన్న యెజ్డీ. ఆయన తువాలు తలకు చుట్టుకొని వచ్చాడు. తమ్ముణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, నేను వెనక పట్టుకొని, ఎమ్మిగనూరు ఆసుపత్రికి చేరాము. దారిలో మూడు చోట్ల దిగి మట్టి గీకాము. తమ్ముడు బతికాడు. ఈనాడు వానికి మనవళ్లు ఉన్నారు.

అటువంటి కథ ఒక్కటైనా లేని పల్లె మన తాలూకాలో ఉండదు. పురుడు రాని తల్లిని తీసుకుపోయిన బండి, పరీక్షకు ఆలస్యమైన పిల్లవాణ్ణి చేర్చిన బండి ప్రతి ఊళ్లో ఒకటి ఉండే ఉంటుంది. కొట్టంలో కోళ్లు పండుకొనే బండి అదే. దాన్ని కిలోల లెక్కన అమ్మవద్దని చెప్పడానికి నాకు అంతకంటె పెద్ద కారణం లేదు. అయితే కృతజ్ఞత ఒక్కటే ఉంటే ఇంజను లేవదు.

వరదలో మునిగిన బండి

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, మఠాన్ని ముంచిన సంగతి ఎవరూ మరచిపోలేదు. ఆ వరద మా ఊరి గొడ్లకొట్టాలలోకి కూడా వచ్చింది. మామ యెజ్డీ టాంకు దాకా మునిగింది. నీళ్లు తీసిన తర్వాత మనుషులకు, పశువులకు చేయవలసిన పనులే కొండంత ఉన్నాయి. బండిని ఎవరు చూస్తారు? మామ మరి రెండేళ్లకు పోయాడు. బండి అట్లే ఉండిపోయింది.

2018లో గుజిరీ వ్యాపారి వచ్చి బేరం చేస్తున్నాడని తెలిసి నేను పోయి అడ్డుపడ్డాను. మామ పెద్దకొడుకు చేతిలో 22,000 రూపాయలు పెట్టి బండిని ఇంటికి తోలించుకున్నాను. బడిపంతులు పనిలో నుంచి విరమించినవాణ్ణి, చేతిలో తీరిక ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆదోనిలో ఒక పాత మిస్త్రీ ఉన్నాడని విని ట్రాలీ ఆటోలో వేయించుకొని పోయాను.

ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కిక్కు తొక్కి చూశాడు. కదలలేదు. కార్బురేటరు విప్పితే ఎండిన ఒండ్రుమట్టి పొడిపొడిగా రాలింది. "భాయీ, ఇది లేస్తుందంటావా?" అని అడిగాను.

"బురదకు భయపడే పని లేదు సారూ. కడిగితే పోతుంది. కాగితం ఉందా, అది చెప్పండి ముందు" అన్నాడు.

కాగితం ఉన్నది. కాని అది మామ పేరు మీద ఉన్నది. ఆయన లేడు. నేను డబ్బు ఇచ్చినది పెద్దకొడుక్కు. చిన్నకొడుకు బెంగుళూరులో ఉన్నాడు. తనకు చెప్పకుండా నాన్న బండి ఎట్లా అమ్ముతారని అతను సంతకం చేయలేదు. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను ఎనిమిది నెలలు తిరిగాను. చివరకు అతనే ఊరికి వచ్చినప్పుడు, బండి ఊరు దాటిపోదని నేను మాట ఇస్తే సంతకం చేశాడు. ఇది నా మొదటి పొరపాటు. డబ్బు ఇచ్చి కాగితం అడిగాను. కాగితం చూసి డబ్బు ఇవ్వవలసింది.

కాగితం సంగతి

పల్లెల్లో బండి చేతులు మారినప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టించుకొని జేబులో వేసుకోవడం అలవాటు. కొన్నవాడు మరొకరికి అమ్ముతాడు. అతను ఇంకొకరికి అమ్ముతాడు. పుస్తకంలో మాత్రం మొదటివాని పేరే ఉంటుంది. ఇది ఎంత ప్రమాదమో సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో స్పష్టం చేసింది. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని. ఆ బండి ప్రమాదం చేస్తే నష్టపరిహారం బాధ్యత వారి మీద పడుతుంది. నాలుగు చేతులు మారిందని చెప్పినా ప్రయోజనం లేదు. కనుక ఇరవై ఏళ్ల కిందట బండి అమ్మిన రైతు కూడా తన పేరు తీసివేశారో లేదో ఒకసారి విచారించుకోవడం మంచిది.

అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ బతికి ఉంటే 29, 30 నంబర్ల ఫారాలు కావాలి. యజమాని చనిపోయి ఉంటే ముందు 31వ నంబరు ఫారంతో వారసుని పేరుకు మార్చాలి. అప్పుడే అమ్మకం. పుస్తకం పోయి ఉంటే 26వ ఫారంతో నకలు తీసుకోవాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు పుస్తకంలోని వాటితో ఒక్కొక్క అంకె సరిచూసుకోవాలి. తుప్పు గీకి, సుద్దముక్క రుద్ది చూస్తే అంకెలు తేలుతాయి. ఆ రోజుల్లో ఒక ఇంజను తీసి మరొక ఇంజను బిగించడం మామూలు. నంబరు కలవకపోతే ధర ఎంత తక్కువైనా వద్దు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనానికి రిజిస్ట్రేషను 15 ఏళ్లు. తర్వాత బండిని చూపించి 25వ ఫారంతో ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. మోటారు సైకిలుకు ఈ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 రూపాయలు అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 2,000 రూపాయలు చేశారు. గడువు దాటితే ఆలస్య రుసుము వేరే ఉంటుంది. ఏళ్ల తరబడి గడువు తీరిన బండికి అది ఎంతవుతుందో బేరానికి ముందే కార్యాలయంలో లెక్క వేయించుకోవాలి.

50 ఏళ్లు నిండిన బండ్లకు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మరొక దారి తెరిచింది. మొదటి రూపం మార్చని వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేస్తారు. నంబరు పలకలో 'వి.ఎ.' అనే అక్షరాలు ఉంటాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ నమోదుకు 5,000 రూపాయలు. కాని ఈ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకు నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి మాత్రమే బయటికి తీయాలి. మన రైతుకు ఇది పెద్దగా ఉపయోగపడదు. చేనికి పోవాలంటే మామూలు రిజిస్ట్రేషను పొడిగించుకోవడమే మేలు.

ఇంజను సంగతి

మిస్త్రీ మొదట చేసిన పని ఏమీ చేయకపోవడమే. సిలిండరులో డీజిలు పోసి పన్నెండు రోజులు అట్లే పెట్టాడు. తొందరపడి సుత్తెతో కొడితే పిస్టను పగులుతుంది, సిలిండరు గీతలు పడుతుంది. పదమూడవ రోజు చెక్కముక్క అడ్డం పెట్టి నెమ్మదిగా తట్టితే కదిలింది.

టూ స్ట్రోకు ఇంజను ఎట్లా పనిచేస్తుందో ఆయన చెప్పే దాకా నాకు సరిగా తెలియదు. కొనదలచినవారు ఇది తెలుసుకోవాలి. ఈ ఇంజనులో వాల్వులు ఉండవు. పెట్రోలు, గాలి కలిసి మొదట కింది క్రాంకు పెట్టెలోకి వచ్చి, అక్కడి నుంచి సిలిండరులోకి పోతాయి. అందువల్ల ఆ పెట్టెలో విడిగా ఆయిలు పోసి ఉంచడానికి వీలు లేదు. యెజ్డీ వంటి బండ్లకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. మా బండికి మిస్త్రీ చెప్పిన పాలు లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే ఐదు లీటర్లకు 200. తక్కువైతే పిస్టను పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు తడిసి, పొగగొట్టం మసితో పూడిపోతుంది.

ఆ క్రాంకు పెట్టెలోకి బయటి గాలి చొరకూడదు. రెండు పక్కలా రబ్బరు సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో అవి ఎండి బీటలిస్తాయి. ఇంజను లేస్తుంది, నాలుగు మైళ్లు పోతుంది కూడా. కాని ఆ సందులో నుంచి గాలి ఎక్కువగా పోయి, పెట్రోలు పాలు తగ్గి, వేడెక్కి, పిస్టను సిలిండరుకు అంటుకుంటుంది. దీన్నే సీజు కావడం అంటారు. వేగంలో ఉండగా సీజు అయితే వెనక చక్రం బిగుసుకొని మనిషిని పడేస్తుంది. అందుకే పాత టూ స్ట్రోకు నడిపేవాని ఎడమ చేతి వేళ్లు ఎప్పుడూ క్లచ్చు మీద ఉండాలి. ఇంజను గొంతు మారిందనిపిస్తే వెంటనే క్లచ్చు పట్టాలి. బండి లేచింది కదా అని సీళ్లు మార్చకుండా కొనుక్కొని పోవడమే చాలామంది చేసే పొరపాటు.

నా రెండవ పొరపాటు పిస్టను దగ్గర జరిగింది. సిలిండరుకు బోరు వేయించి, దానికి సరిపడే పెద్ద పిస్టను వేయాలి. అసలు కంపెనీ సరుకు దొరకడం లేదు. మిస్త్రీ తన చేతనైన చోట తెప్పిస్తానని అన్నాడు. నేను ఒక పట్టణంలో ఒక అంగడిలో సగం ధరకు వస్తుందని తెచ్చి ఇచ్చాను. ఆయన చూసి పెదవి విరిచాడు. నా మాట కాదనలేక వేశాడు. నూరు కిలోమీటర్లు తిరక్కముందే పట్టేసింది. మళ్లీ బోరు, మళ్లీ పిస్టను. చవక సరుకుకు రెండుసార్లు ధర కట్టవలసి వచ్చింది.

ఈ కాలపు పెట్రోలు కూడా పాత బండికి కొత్త చిక్కు. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే లక్ష్యం నెరవేరింది. ఇథనాలు గాలిలోని తేమను లాగుతుంది. పాత రబ్బరు పైపులను, వాషర్లను మెత్తబరుస్తుంది. బండిని నెలల తరబడి నిలిపితే టాంకు అడుగున నీరు చేరి తుప్పు పట్టుతుంది. అందువల్ల పైపులు, వాషర్లు కొత్తవి వేయించుకోవాలి. ఎక్కువ రోజులు నడపమని తెలిస్తే టాంకు, కార్బురేటరు ఖాళీ చేసి పెట్టాలి.

లెక్క దాచవద్దు

మా ఇంట్లో మొదటి రోజే అడిగారు: "ఈ డబ్బుతో గొర్రెలు కొంటే పిల్లలు పెట్టవా?" అని. పెట్టుతాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం దాచకుండా చెప్పుతాను. బండి 22,000. క్రాంకు పని, రెండుసార్లు బోరు, పిస్టన్లు, సీళ్లు, బేరింగులు కలిసి 19,000. టైర్లు, బ్రేకులు 6,500. వైరింగు, కాయిలు, పాయింట్లు 4,000. ఆలస్య రుసుముతో సహా కాగితాలకు, ట్రాలీ బాడుగలకు 9,000. మొత్తం 60,500 రూపాయలు. పద్నాలుగు నెలల కాలం. బ్యాంకులో బాకీ ఉన్నవాడు, ఆడపిల్ల పెండ్లి దగ్గర పెట్టుకున్నవాడు ఈ పనికి దిగకూడదు.

లాభానికి కొనేవారికి కూడా ఒక మాట. నగరపువాళ్లు చెప్పే ధర బాగుచేసిన, కాగితం ఉన్న, అసలు రూపం చెడని బండికి చెప్పే ధర. మన కొట్టంలోని బండికి, ఆ ధరకు మధ్య నా లెక్కలోని ఖర్చంతా ఉన్నది.

పొగ సంగతి కూడా ఒప్పుకోవాలి. టూ స్ట్రోకు ఇంజనులో సిలిండరులోకి వచ్చిన పెట్రోలులో కొంత కాలకుండానే పొగగొట్టం గుండా బయటికి పోతుంది. దానితోపాటు ఆయిలు పొగ. అందుకే 2000 సంవత్సరం ఏప్రిల్ నుంచి వచ్చిన కాలుష్య నిబంధనలకు ఇవి తట్టుకోలేకపోయాయి. 1985లో హీరో హోండా తెచ్చిన ఫోర్ స్ట్రోకు బండి లీటరుకు ఎక్కువ దూరం పోవడంతో జనం అప్పటికే అటు తిరిగారు. అది న్యాయమే. రోజూ మార్కెట్టుకు, బడికి, బ్యాంకుకు పోవడానికి ఈ కాలపు బండే మంచిది. పాత బండి వారానికి ఒక రోజు చేను చుట్టి రావడానికి, పండుగకు బయటికి తీయడానికి. అంతకు మించి దాని మీద బరువు పెట్టరాదు. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో మళ్లీ అంగట్లోకి వచ్చాయి కాని, అవి ఫోర్ స్ట్రోకు బండ్లు. వాటి భాగాలు వీటికి సరిపోవు.

మన కుర్రవాళ్లకు ఒక మనవి. పాత యెజ్డీనో, ఆర్.ఎక్స్.నో కొని, మడ్‌గార్డులు కోసి, పొగగొట్టం పైకి తిప్పి, ట్రయల్ బండి చేశామని సంబరపడుతున్నారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇట్లా మార్చడం చట్టంలోని 52వ సెక్షను కింద కుదరదు. రిజిస్ట్రేషను పొడిగింపు దగ్గర అడ్డం తగులుతుంది. వింటేజ్ నమోదుకు అసలే పనికిరాదు. పొగగొట్టంలోని లోపలి గొట్టం తీసివేస్తే చప్పుడు పెరుగుతుందే గాని బలం పెరగదు. టూ స్ట్రోకు ఇంజనుకు ఆ గొట్టం కొలతే ప్రాణం. ఏ మార్పూ లేకుండానే ఈ బండ్లు నల్లరేగడి బురదలో ముగ్గురిని మోసుకుపోయాయని పైన చెప్పాను. మనం కొత్తగా కోసి నేర్పవలసింది లేదు.

పోతున్నది ఇనుము కాదు

ఈ పద్నాలుగు నెలల్లో నాకు తెలిసిన సంగతి మరొకటి ఉన్నది. బండ్లు ఇంకా దొరుకుతాయి. సరుకు కూడా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. దొరకనిది మిస్త్రీ. మా మిస్త్రీకి డెబ్బై దాటాయి. పాయింట్ల సందు కంటితో చూసి సరిచేస్తాడు. ఇంజను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పుతాడు. ఆయన కొడుకులిద్దరూ వేరే పనుల్లో ఉన్నారు. ఎవరికైనా నేర్పించవచ్చు కదా అంటే, "నేర్చుకొనేవాడు ఏడీ సారూ? ఈ కాలపు బండికి కంప్యూటరు పెట్టి చూస్తారు. చెవి పెట్టి వినేవాడు లేడు" అన్నాడు.

మన జిల్లాలోని ఐ.టి.ఐ.లు ఇటువంటి పెద్ద మిస్త్రీలను నెలకు ఒక రోజు పిలిచి, పిల్లల ముందు ఒక పాత ఇంజను విప్పించి బిగింపించాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. టూ స్ట్రోకు ఇంజను చిన్నది, భాగాలు తక్కువ. యంత్రం అంటే ఏమిటో పిల్లవానికి తెలియడానికి అంతకంటె మంచి పాఠం ఉండదు. మందు కొట్టే స్ప్రేయర్లలో, కట్టెలు కోసే యంత్రాలలో ఇప్పటికీ ఈ రకం ఇంజన్లే చాలా ఉన్నాయి. ఆ విద్య నేర్చినవానికి పల్లెలో కూడు దొరుకుతుంది. ఏటా వలసపోయే మన పడమటి మండలాల పిల్లల్లో పదిమందికి ఊళ్లోనే పని కలిగినా మేలే.

రవాణా శాఖ వారికి కూడా ఒక విజ్ఞప్తి. ఏడాదికి ఒకసారి మండల కేంద్రంలో పాత వాహనాల కాగితాల కోసం ఒక దినం కేటాయించాలి. చనిపోయినవారి పేర్ల మీద ఉన్న బండ్లు, ఎప్పుడో తుక్కుకు పోయినా రికార్డులో బతికి ఉన్న బండ్లు ఊరికి ఎన్ని ఉన్నాయో అప్పుడు తేలుతుంది. వాహనం నాశనమైతే 14 రోజుల్లో తెలియజేసి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవాలని 55వ సెక్షను చెప్పుతున్నది. ఈ సంగతి తెలిసిన రైతు నాకు ఒక్కడూ కనిపించలేదు. గుజిరీ వానికి బండి ఇచ్చి, పుస్తకం ఇంట్లో దూలం మీద పెట్టుకున్నవారే అందరూ.

మా యెజ్డీ 2020 సంక్రాంతి ముందు లేచింది. ఆ బండిలో గేరు కడ్డీనే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు అవుతుంది. ఈ కాలపు పిల్లలకు అదొక వింత. నాలుగవ కిక్కుకు అందుకుంది. నీలం పొగ వాకిలి అంతా కమ్మింది. నేను ఊళ్లోకి తోలుకొని పోయి మామ ఇంటి ముందు ఆపాను. అత్తకు అప్పటికి కళ్లు సరిగా కనిపించవు. గోడ పట్టుకొని అరుగు మీదికి వచ్చింది.

"ఈ పొద్దు తొందరగా వచ్చినాడే అనుకుంటి" అన్నది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కాసేపు నిలబడి, టాంకు మీద చేయి పెట్టి చూసి, లోపలికి పోయింది. బెంగుళూరు నుంచి పండుగకు వచ్చిన చిన్నకొడుకు ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, ఒకసారి చేను దాకా నడిపి వస్తానని తాళం అడిగాడు. ఇప్పుడు ఏ పండుగకు వచ్చినా అడుగుతాడు. నా తర్వాత ఆ బండి అతనికే అని కాగితం రాసి పెట్టాను. ఈసారి డబ్బుకంటె ముందే కాగితం.

పాఠకులకు నా మనవి ఇంతే. గుజిరీ వ్యాపారిని పిలిచే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి. ఆ బండి ఎవరిని ఎక్కడికి చేర్చిందో తెలుసుకోండి. తర్వాత పుస్తకం వెతకండి, నంబరు చూడండి, మిస్త్రీని విచారించండి. మూడూ కుదిరితే ఉంచుకోండి. కుదరకపోతే కుదిరేవారికి ఇవ్వండి. ఇనుముకే వేయవలసి వస్తే పేరు తీయించి వేయండి. ఏది చేసినా తెలిసి చేయండి.